చిన్నకొడుకు పొయ్యి

దూలం కొయ్యాల్సిందేనని పెట్రోనెల్ అనేసరికి పొయ్యి చుట్టూ కూర్చున్నవాళ్ళంతా గంజి తాగడం ఆపేశారు.

"పైకెక్కి చూసొచ్చాను," అందామె. "కొత్త గది నడిమధ్యన, ఈ గోడనుంచి ఆ గోడదాకా అడ్డంగా పడుకునుంది. మెట్ల దగ్గర్నుంచి కిటికీ దగ్గరికి పోవాలంటే దాని కిందనుంచి దూరాలి, లేదా మీదెక్కి దూకాలి. ఇదుగో, నుదురు చూడండి."

తలగుడ్డ వెనక్కి జరిపి బొప్పి చూపించింది. చిన్న బొప్పే. దానికే ఆమె మొగుడు గైల్స్ గిన్నె కింద పెట్టి, బొటనవేలితో మెల్లగా తడిమి చూశాడు. ఆ తడమడం చూసి పెద్దకోడలు థామసిన్‌కి నోట్లో గంజి చేదయింది. ఆవిడ మొగుడు అంబ్రోస్ గైల్స్‌కి అన్నగారు. పెళ్ళాం నుదురు పగిలినా పశువుల పాకలో పని ముగించుకుని వచ్చాకే చూసే మనిషి.

"నీ నుదుటికి అడ్డమొచ్చిందని రెండొందలేళ్ళ దూలాన్ని కోసేస్తావా?" అంది థామసిన్.

"రెండొందలేళ్ళూ అక్కడ పొగే తిరిగింది గదక్కా. పొగకి తల తగల్దు."

అత్తగారు ఏవిస్ కుర్చీలోంచి కిచకిచా నవ్వింది. కోడళ్ళ గొడవలో ఏ మాట బాగా పేలితే ఆ మాటకి నవ్వడం ఆవిడ అలవాటు. అది ఏ కోడలిదన్నది చూసుకోదు. అత్తతోపాటు పెట్రోనెల్ కూడా నవ్వింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ఇక్కడ ఇద్దరూ కలిసే నవ్వారు.

ఆ ఇంటిమీద చెయ్యి వెయ్యని తరం లేదు. మావగారి ముత్తాత కట్టించినప్పుడు అది ఒక్కటే చావడి. చుట్టూ ఓక్ స్తంభాలు, వాటి మధ్య తడికెలు అల్లి మట్టి మెత్తిన గోడలు, నేలమధ్య పొయ్యి, కప్పుదాకా పొగ. ఆయన కొడుకు ఒక చివర గది చేర్చాడు. మనవడు కిటికీ కంతలకి గాజు పెట్టించాడు. మావగారు గడ్డికప్పు పీకేసి ఎర్రపెంకులు నేయించాడు. ఆ ఏడాదంతా వాసాలు మూలుగుతూనే ఉన్నాయని ఏవిస్ ఇప్పటికీ చెబుతుంది. ఇప్పుడు గైల్స్ ఇటుకలతో పొగగొట్టం లేపాడు. పొయ్యి గోడవారకి జరిగింది. పొగ ఖాళీ చేసిన చోట చెక్కలు పరిచి పైగది వేశారు. ఎవరికి తోచింది వాళ్ళు చేశారు గానీ, మసిపట్టి నల్లగా నిగనిగలాడే ఆ అడ్డదూలం మీద మాత్రం ఇన్నాళ్ళూ ఎవరూ రంపం పెట్టలేదు.

"అసలు అడ్డదూలం ఎందుకుంటుందో తెలుసా..." అని మొదలుపెట్టింది థామసిన్. నిజంగానే చెప్పబోయింది. ఆమె తండ్రి ఇళ్ళు కట్టే వడ్రంగి. చీలలు అందిస్తూ ఆయన వెనకాలే పెరిగింది.

పెట్రోనెల్ మాట పూర్తి కానివ్వలేదు.

"అక్కా, ఒక్కటడుగుతాను, కోపం తెచ్చుకోకు. పొగగొట్టం పెడతామంటే పొగ లేని ఇల్లు చెదపట్టి పోతుందన్నావు. చెక్కలు పరుస్తామంటే చీకటి కొట్టవుతుందన్నావు. పైగదిలో కూడా పొయ్యి పెట్టిస్తానంటే ఒక్క మనిషికి రెండు పొయ్యిలెందుకన్నావు. నేను చేసేవాటిలో నీకు నచ్చింది ఒక్కటైనా ఉందా?"

"నచ్చాల్సింది నాకెందుకు? ఇల్లు నీది."

"అదీ సంగతి. పొయ్యి మాకొచ్చిందని నీ బాధ. ఆ ఆచారం నేను పెట్టానా?"

అందరి ముందూ అనేసింది. అంబ్రోస్ గిన్నెలోకి చూశాడు. గైల్స్ పెళ్ళాం మోచెయ్యి పట్టుకున్నాడు. కుక్క ఒక్కటే కదులుతోంది.

కెంట్ సీమలో పొలం అన్నదమ్ములకి సమానం, పొయ్యి మాత్రం చిన్నవాడిది. పెద్దవాళ్ళు ఎక్కడికైనా పోయి నిప్పు రాజేసుకుంటారు, చిన్నవాడు తల్లి దగ్గరుంటాడు అని ఎప్పటివాళ్ళో పెట్టిన కట్టు. పోయిన చలికాలం మావగారు కన్నుమూశాక ఆ ప్రకారమే పంచుకున్నారు. అంబ్రోస్‌కి చివరి గది వచ్చింది. గైల్స్‌కి చావడి, చావడితోపాటు పొయ్యి వచ్చాయి. చివరి గదిలో నిప్పు లేదు. థామసిన్ ఒక్కగానొక్క కూతురు బెనెట్ ఆ చలికాలమంతా అక్కడ దగ్గుతూనే ఉంది.

పెళ్ళై వచ్చిన నాటినుంచి ఆ పొయ్యి బూడిద ఎత్తింది థామసిన్. పడుకునే ముందు నిప్పు కప్పిందీ, తెల్లారి ఊది లేపిందీ ఆమే. ఇప్పుడు కుండ పెట్టుకోవాలన్నా తోడికోడల్ని అడగాలి. పెట్రోనెల్ ఒక్కనాడూ కాదనలేదు. "అడుగుతావేంటక్కా, పెట్టుకో" అంటుంది. థామసిన్‌కి అక్కడే ఇంకా మండేది. ఒక్కసారి కాదంటే బాగుండును, మనసారా తిట్టుకోడానికైనా వీలుండేది.

"కోయించుకో," అంది థామసిన్. "నీ గది, నీ దూలం, నీ నుదురు."

మిగిలిన గంజి కుక్కకి పోసి లేచిపోయింది.

*

సాయంత్రం పాలు పితుకుతుంటే అంబ్రోస్ పాకలోకి వచ్చాడు. వచ్చి, గాడికి ఆనుకుని, చేతిలో గడ్డిపరక తుంచుతూ నిలబడ్డాడు. ఏదైనా అడగాల్సి వస్తే ఆయన ముందు ఒక గడ్డిమోపంతా తుంచుతాడు.

"ఏమయ్యా, ఆవు బెదురుతోంది. చెప్పేదేదో చెప్పు."

"గైల్స్ నిన్ను అడగమన్నాడు."

"నన్నా? ఏంటట?"

"ఆ దూలం సంగతి. పెట్రోనెల్ తెచ్చిన ఆ క్రిస్పిన్ ఉన్నాడే, వాడు పెట్టెలూ మంచాలూ చేసే వడ్రంగి. పెట్రోనెల్ పెళ్ళిపెట్టె వాడు చేసిందే. బాగానే చేశాడు, పాపం. వాడు కొయ్యొచ్చంటున్నాడు. గైల్స్‌కి మాత్రం ధైర్యం చాలట్లేదు. వదిన వాళ్ళ నాన్న ఇళ్ళు కట్టినవాడు, వదిన సరేనంటే కోయిస్తానంటున్నాడు."

థామసిన్ నుదురు ఆవు డొక్కకి ఆనించి పితుకుతోంది. చేతులు ఆగలేదు.

తండ్రి ఒకసారి ఆమెను కట్టుబడిలో ఉన్న ఇంటి అడ్డదూలం మీద కూర్చోబెట్టాడు. "ఈ రెండు గోడలూ ఎటు పడాలని చూస్తున్నాయో చెప్పు" అన్నాడు. లోపలికి అందామె. ఆయన నవ్వాడు. "బయటికే తల్లీ. కప్పు బరువు వాటిని బయటికి తోస్తూనే ఉంటుంది. పగలూ రాత్రీ తోస్తుంది. పోకుండా పట్టుకున్నది నువ్వు కూర్చున్న ఈ కర్రే. ఇది ఇంటికి నడుంకట్టు." ఆ తండ్రే తర్వాత ఈ ఇంటికి వచ్చి పుచ్చిన స్తంభం అడుగు తీసి కొత్తది అతికాడు. ఆ పనిలోనే అంబ్రోస్‌ని చూశాడు, సంబంధం కుదుర్చుకున్నాడు. గడ్డికప్పు ఉన్నప్పుడే నడుంకట్టు అవసరమైన ఇల్లు అది. ఇప్పుడు నెత్తిన పెంకులు.

చెప్పడానికి ఒక్క మాట చాలు. కొయ్యొద్దంటే చాలు.

కానీ ఆ ఒక్క మాట అంటే ఏమవుతుందో ఆమెకు కళ్ళకు కట్టింది. గైల్స్ మానేస్తాడు. పెట్రోనెల్ నుదురు పట్టుకుని, "చూశావా, అక్కకి ఇదీ కిట్టలేదు" అంటుంది. అత్తగారు కిచకిచా నవ్వుతుంది.

"నాకేం తెలుస్తుంది?" అంది. "నాన్న పనితనం నాన్నతోనే పోయింది. చీలలు అందించిన పిల్లకి ఇళ్ళ సంగతి తెలిస్తే, పాలు తాగే దూడకి వెన్న తీయడం తెలియాలి."

అంబ్రోస్ ఆ మాటకి కాస్త నవ్వాడు. గడ్డి ఇంకా తుంచుతున్నాడు.

"అయితే వాడికేం చెప్పమంటావు?"

"పరవాలేదని చెప్పు."

"నిజంగా?"

"పరవాలేదన్నాను గదయ్యా. ఎన్నిసార్లనాలి?"

అంబ్రోస్ తేలికపడి వెళ్ళిపోయాడు. నమ్మడం ఆయనకి సులువు. థామసిన్ పాలచెంబు పొంగేదాకా పితికింది.

ఇల్లు కూలాలని ఆమె కోరుకోలేదు. ఆ మాట నిజం. కప్పు కాస్త ఒరగాలి, పెంకులు నాలుగు జారాలి, వాన పెట్రోనెల్ పక్కమీద కారాలి, గైల్స్ వచ్చి "వదినా, నువ్వు చెప్పబోతుంటే విననిచ్చింది కాదు" అనాలి. కోరిందల్లా అంతే. అసూయ ఎప్పుడూ మొదట కొంచెమే అడుగుతుంది. ఆ కొంచెం ఇచ్చి ఆమె చెంబు ఎత్తుకుని లోపలికి నడిచింది.

*

క్రిస్పిన్ చెయ్యి మంచిదే. గీత గీసి, గీత మీదే కోశాడు. దూలం మీద నిలబడి కప్పుని మోసే గుంజ జోలికి పోలేదు, అంత తెలివి అతనికుంది. కిటికీ వైపు మనిషి పట్టేంత ముక్క తీసేస్తే చాలన్నాడు. నల్లటి మసి పొట్టు చెక్కల సందుల్లోంచి రాలి, కింద అత్తగారి రొట్టెమీద పడింది.

"మా పెళ్ళినాడు ఆ దూలానికే పంది తొడలు వేలాడదీశారు," అని ఏవిస్ మసి విదిలించుకుంది. "పొగ ఉన్నన్నాళ్ళూ ఈ ఇంట్లో ఎవరికీ జలుబు లేదు. గొట్టం పెట్టారు, నాకు ముక్కు కారుతోంది."

"గొట్టం వల్ల కాదత్తయ్యా, వయసు వల్ల," అంది పెట్రోనెల్ పైనుంచి.

"నీకూ వస్తుందిలే. గొట్టమూ వస్తుంది, వయసూ వస్తుంది."

థామసిన్ మెట్లు ఎక్కి వచ్చి గోడవార నిలబడింది. ఎందుకొచ్చిందో ఆమెకే తెలీదు. ఆఖరి కోతకి రంపం దూలం అడుగు దాకా దిగింది. పైన మసి, లోపల తేనెరంగు. ఇన్నేళ్ళ మసి కింద చెక్క నిన్న కొట్టినట్టే ఉంది.

దూలం తెగింది. రంపపు పళ్ళంత సన్నగా ఉండాల్సిన సందు, చూస్తుండగానే దానంతట అదే వెడల్పయింది. పైన కప్పులో ఎక్కడో ఠక్కున చప్పుడైంది.

క్రిస్పిన్ తెగిన ముక్కని నేలమీదికి దించి పైకి చూశాడు. గైల్స్ మాత్రం థామసిన్ వైపు చూశాడు.

"వదినా, ఏంటది?"

ఇంకా సమయముంది. తీసిన ముక్క నేలమీదే ఉంది. మళ్ళీ పెట్టి, ఇనుపపట్టీ వేసి బిగిస్తే సరిపోతుందని ఆమెకు తెలుసు. తండ్రి అలా బిగించిన ఇల్లు ఆమె చూసింది.

పెట్రోనెల్ ఆ కొత్త సందులోంచి అటునుంచి ఇటు తలెత్తి నడిచొచ్చింది. పెళ్ళికూతురు గుమ్మం దాటినట్టు నడిచింది. నడిచి, గైల్స్ చెయ్యి పట్టుకుని నవ్వింది.

"పాత ఇల్లు గదా," అంది థామసిన్. "మూలుగుతుంది."

*

ఆ తర్వాత పెట్రోనెల్ మారిపోయింది. మర్నాడే ఒళ్ళో ఆపిల్‌పళ్ళు పోసుకుని చివరి గదికి వచ్చింది.

"అక్కా, ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది. నోరు జారింది."

"జారిన మాట మళ్ళీ నోట్లోకి పోతుందా? పోనీ."

"నువ్వు పరవాలేదన్నావట. ఆయన చెప్పాడు. అంత అన్నా మనసులో పెట్టుకోలేదు నువ్వు."

థామసిన్ పళ్ళు తీసుకుంది. అవి మంచి పళ్ళు. వంకపెట్టి తిందామన్నా ఒక్కటీ పులుపు లేదు.

మంచితనం భరించడం కష్టమనుకుంటే, ఇంకోటి మొదలైంది. ఆమె చావడిలో అడుగుపెడితే పెట్రోనెల్, గైల్స్ మాటలు ఆపేసేవాళ్ళు. ఒకసారి గుమ్మం బయటే ఆగి విన్నది.

"అక్కకి మాత్రం ఇప్పుడే చెప్పకు," అంటోంది పెట్రోనెల్. "ఆ మొహం ఎలా ఉంటుందో చూడాలి నేను." ఇద్దరూ నవ్వుకున్నారు.

చివరి గదినుంచి కూడా పొమ్మంటారు కాబోలనుకుంది థామసిన్. లేకపోతే తన మొహంతో వాళ్ళకేం పని? అంబ్రోస్‌తో చెబితే, "ఏదో మొగుడూ పెళ్ళాల మాటలే" అని దుప్పటి లాక్కున్నాడు.

అప్పటికే సామాన్ల గది తలుపు పట్టేయడం మొదలైంది. వానకి చెక్క ఉబ్బిందని గైల్స్ అంచు చిత్రిక పట్టాడు. నాలుగు రోజులకి మళ్ళీ పట్టేసింది. మళ్ళీ చిత్రిక పట్టాడు. తలుపు ఉబ్బలేదని, ద్వారబంధమే ఒరుగుతోందని ఆ ఇంట్లో ఒక్కరికే తెలుసు.

ఆ ఒక్కరూ, పెట్రోనెల్ సంతకి వెళ్ళినప్పుడు, మెల్లగా పైగదికి ఎక్కారు. కిటికీ పైన, గోడ కప్పుని కలిసే చోట, స్తంభం తల నుంచి దూలం మొదలు వేలు దూరేంత బయటికొచ్చింది. చీల వంగింది. సందులోంచి ఆకాశం కనిపించింది.

థామసిన్ చాలాసేపు ఆ వెలుగుని చూసింది. కడుపుమంట చల్లారుతుందనుకుంది. చల్లారలేదు. భయం వచ్చి దాని పక్కన కూర్చుంది, అంతే. ఇప్పుడు చెబితే, అప్పుడెందుకు చెప్పలేదంటారు. కిందికి పోయి మన్నూ ఆవుపేడా వెంట్రుకలూ కలిపి తెచ్చి ఆ సందు పూడ్చింది. మీద సున్నం రాసింది. పనిమంతురాలి చెయ్యి, ఎవరికీ కనపడదు.

"పైనేం చేస్తున్నావే?" అని కిందనుంచి ఏవిస్ కేకేసింది.

"ఏం లేదత్తా. సాలెగూళ్ళు తీస్తున్నా."

"దాని గదిలో నువ్వు సాలెగూళ్ళు తీస్తున్నావా? లోకం తలకిందులవుతోంది."

*

చలికాలం మొదట్లో వచ్చే మార్టిన్ పండుగనాడు పందిని కోశారు. పొద్దుటినుంచి సముద్రంవైపు గాలి లేచి పెంకుల కింద దూరి ఈలలు వేస్తోంది. పేగులు కడిగి మాంసం కూరి కట్టేసరికి మధ్యాహ్నం దాటింది. చేతులు ఇంకా జిడ్డుగానే ఉన్నాయి, పెట్రోనెల్ వచ్చి థామసిన్ మణికట్టు పట్టుకుంది.

"అక్కా, పైకి రా."

"చేతులు కడుక్కోనీ."

"తర్వాత కడుక్కో. అందరూ ఉన్నారు, రా."

వచ్చింది ఆ ఘడియ అనుకుంది థామసిన్. పొమ్మనడానికి కూడా సంబరమే వీళ్ళకి. మెట్లెక్కుతూ, ఏమనాలో కూడా సిద్ధం చేసుకుంది. మాటకి మాట అప్పజెప్పకుండా మాత్రం కదలకూడదనుకుంది.

పైగది తెల్లగా సున్నం కొట్టి ఉంది. అంబ్రోస్ ఒక మూల నిలబడి ఇబ్బందిగా నవ్వుతున్నాడు. గైల్స్ చెయ్యి ఆసరా ఇచ్చి ఏవిస్‌ని ఎక్కించుకొచ్చాడు. ఆవిడ రెండో చేతిలో నిప్పుల పార ఉంది, కింది పొయ్యిలోంచి తీసిన ఎర్రటి నిప్పులు. పై పొయ్యి కొత్త ఇటుకల మధ్య ఖాళీగా, శుభ్రంగా, ఒక్క మసిమరక లేకుండా ఉంది. కట్టెలు పేర్చి ఉన్నాయి.

కిటికీ కింద బెనెట్ మంచం. మంచం మీద బెనెట్ దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది.

"అమ్మా, మనం ఇక్కడే ఉంటామట," అంది బెనెట్.

"నువ్వుండవే, నేను చెప్పాలి," అని పెట్రోనెల్ ఆటపట్టిస్తూ దాని చెవి మెలేసింది. తర్వాత థామసిన్ వైపు తిరిగింది. ఎప్పుడూ తడుముకోని మనిషి, ఇప్పుడు కొంచెం తడుముకుంది.

"పొయ్యి చిన్నవాడిదని కదక్కా ఆచారం. ఒక్క పొయ్యి. రెండో పొయ్యి ఎవరిదో ఆచారానికి తెలీదు, ఎందుకంటే ఇన్నాళ్ళూ ఈ సీమలో ఒక ఇంట్లో రెండో పొయ్యి ఉన్నదెక్కడ? నేను పాదిరిగారిని కూడా అడిగాను. అందుకే పెట్టించాను. ఇది నీది. ఇక ఎవరినీ అడిగి కుండ పెట్టుకోనక్కర్లేదు. పిల్ల దగ్గు కూడా తగ్గుతుంది."

థామసిన్ జిడ్డు చేతులు బట్టలకి తుడుచుకుంది.

"ఒక్క మనిషికి రెండు పొయ్యిలెందుకే అన్నావు చూడు, అప్పుడు నవ్వాపుకోలేక చచ్చాను. ముందే చెబితే ఒద్దంటావని ఆయన్ని కూడా చెప్పనివ్వలేదు. దూలం కొయ్యమని అంత పట్టు పట్టిందీ అందుకే. తెల్లారి నిప్పు లేపడానికి రోజూ నువ్వు దాని కింద దూరాలి గదా. నీకసలే నడుంనొప్పి."

గాలి ఒక్క విసురు విసిరింది. కప్పులో వాసాలు ఒకదాని తర్వాత ఒకటి మూలిగాయి.

"చూశావా మొహం," అని గైల్స్ పెళ్ళాంతో నవ్వుతూ అన్నాడు. "అడిగావుగా, చూడు ఇప్పుడు."

పాత పొయ్యి నిప్పు అత్త చేతిమీదుగానే కొత్త పొయ్యికి రావాలి. ఏవిస్ పార ముందుకు చాచింది. "తీసుకోవే పిల్లా. నేను ఈ ఇంటికి వచ్చిననాడు మా అత్త నాకిచ్చింది. నీకిచ్చాను. చచ్చేలోగా మళ్ళీ ఇస్తాననుకోలేదు. తీసుకో."

థామసిన్ పార పట్టుకుంది. ఆమె ఎన్నాళ్ళుగానో ఏడ్చినదంతా ఈ నిప్పుకోసమే. పొయ్యివైపు నడవాలంటే ఆ కోసిన సందులోంచి నడవాలి. తల వంచక్కర్లేదు. నాలుగడుగులు వేసింది. దూలం కోసిన రెండు మొదళ్ళ మధ్యకు వచ్చి ఆగింది.

గాలి మళ్ళీ విసిరింది. కిటికీ పైన, ఆమె పూసిన మన్ను పెళ్ళగా ఊడి బెనెట్ దుప్పటి మీద పడింది. ఊడినచోట ఇప్పుడు వేలు కాదు, చెయ్యి దూరుతుంది. బెనెట్ దుప్పటి దులుపుకుని, పైకి చూసి, "అమ్మా, ఆకాశం" అంది.

"కొత్త పూత గదా, ఆరలేదు," అంది పెట్రోనెల్. "రేపు నేను పూస్తాలే. వెలిగించక్కా."

తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది థామసిన్. అరవలేకపోయింది, అణుచుకోలేకపోయింది. రేపు చెప్పొచ్చు అనిపించింది. ఇవాళ నిప్పు రాజేసి, పిల్లని ఏదో వంకతో కింద పడుకోబెట్టి, రేపు అంబ్రోస్ చెవిన వేయొచ్చు. పొయ్యి దక్కుతుంది, పరువు దక్కుతుంది. ఆ గాలికి గోడలు రేపటిదాకా ఆగుతాయని మాత్రం ఆమె తండ్రి ఉంటే అనేవాడు కాదు.

"నిప్పు ఆరిపోతోందే," అంది ఏవిస్.

"ఆరిపోనీ అత్తా." థామసిన్ పార పొయ్యి ముందరి ఇటుకలపై పెట్టింది. "ముందు పిల్లని కిందికి దించండి. మీరూ దిగండి. ఎవరూ ఇక్కడ ఉండొద్దు."

"ఎందుకు?" అన్నాడు గైల్స్.

"గోడలు బయటికి పోతున్నాయి. ఆ దూలమే పట్టుకునుండేది వాటిని. కొయ్యకుండా ఉండాల్సింది దాన్ని."

అంబ్రోస్ అడక్కుండానే బెనెట్‌ని దుప్పటితో సహా ఎత్తుకున్నాడు. ఎత్తుకుని, మెట్లవైపు రెండడుగులు వేశాడు. గైల్స్ కిటికీ దగ్గరికి పోయి ఆ సందులో చెయ్యి పెట్టి చూశాడు. చెయ్యి మణికట్టుదాకా దిగింది. అతని వేళ్ళకి వానచెమ్మకి నానిన మన్ను, ఆవుపేడ, వెంట్రుకలు అంటుకుని వచ్చాయి. ఆ గదికి వాళ్ళు కొట్టింది ఒట్టి సున్నమే; ఆ మన్ను తను పూసింది కాదని, పెట్రోనెల్ పూసింది కాదని చూడగానే తెలిసింది అతనికి.

పెట్రోనెల్ నవ్వలేదు. మొగుడి చేతికంటిన మన్నునీ థామసిన్ మొహాన్నీ మార్చి మార్చి చూసింది.

"ఎప్పట్నుంచి తెలుసక్కా నీకు?" అని అడిగింది.

ఆ మాటకి అంబ్రోస్ మెట్లమీద ఆగిపోయాడు. పిల్లని భుజాన వేసుకునే వెనక్కి తిరిగి, భార్య ఏం చెబుతుందోనని చూస్తూ నిలబడ్డాడు.